మంచురేకు కింద వేలు

నయోరో
1978 నవంబరు 12

తమాయోకి,

మొన్న పడిన మంచు నిలబడిపోయింది. అంతకు ముందు పడ్డదంతా మధ్యాహ్నానికే కరిగిపోయేది. ఇది ఇక ఏప్రిల్ దాకా కదలదు. మీ ఊరి అగ్నికొండ ఇంకా బూడిద కక్కుతూనే ఉందా? బట్టలు ఇంట్లోనే ఆరేసుకుంటున్నావా?

ఫోనులో నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఫోను నడవలో ఉంది. మామయ్యగారు కూర్చునేది ఆ పక్క గదిలో. మధ్యన ఉన్నది కాగితం తలుపు. ఆయనకు చెవుడు వచ్చిందని నువ్వు అనుకుంటున్నావు గానీ, తన గురించి మాట్లాడితే ఆయనకు బాగానే వినిపిస్తుంది. అందుకని రాస్తున్నాను. నువ్వు అడిగినవి వరుసగా తీసుకుంటాను.

మొదట డాక్టరు మాట. ఊపిరితిత్తుల్లో మచ్చ పెరగలేదు, తగ్గనూ లేదు. చలిగాలి పీల్చకూడదని అన్నారు. నయోరోలో ఉంటూ చలిగాలి పీల్చకుండా ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

రెండోది, నీ దగ్గరికి పంపే సంగతి. ముదురు చలి రాకముందే తీసుకుపోతానని, గది కూడా సిద్ధం చేశానని చెప్పావు. ఆ మాట ఆయనతో అన్నాను.

"తమాయో మిమ్మల్ని చలికాలం దాటేదాకా తన దగ్గర ఉండమంటోంది మామయ్యగారూ."

"ఆ ఊళ్ళో మంచు పడుతుందా?"

"పడదు. బూడిద పడుతుంది."

"బూడిదకి కోణాలుండవు" అని మళ్ళీ పేపరు చదువుకున్నారు.

మూడోది, ఆయన ఇంకా ఆ షెడ్డులోకి వెళుతున్నారా అని అడిగావు. వెళుతున్నారు. ఫొటో స్టూడియో మూసేసిన తరువాత ఆయనకు మిగిలింది అదొక్కటే. కానీ ఇదివరకటిలా కాదు. రెండు చలికాలాలుగా ఆయన నిండు మంచురేకుల్ని ఫొటో తీయడం మానేశారు. కరిగేవాటినే తీస్తున్నారు. నల్ల మఖమల్ అతికించిన పలకను బయట పట్టుకుని, పడినవాటిలో ఒకదాన్ని భూతద్దంతో ఎంచి, సన్నని పుల్లతో ఎత్తి అద్దం మీద పెడతారు. అప్పుడు కింద నుంచి ఎవరైనా అద్దానికి బొటనవేలు ఆనించాలి. ఆ వేడికి కొమ్మల చివరలు మొదట గుండ్రబడతాయి. తరువాత నీళ్ళు రేకు నడుముకు చేరతాయి. అంతా బొట్టయిపోయినా మధ్యన చిన్న ముక్క కాసేపు తేలుతూ ఉంటుంది. ఆయనకు కావలసింది ఆ ముక్క. మనిషి తల వెంట్రుకంత కూడా కదలకూడదు. "పెట్టు" అంటే వేలు పెట్టాలి, "తియ్యి" అంటే తీయాలి.

ఆ వేలు నాది. మీ అన్నయ్యకు మంచు తోసే రైలు మీద డ్యూటీ పడింది. ఎప్పుడు వస్తాడో తనకే తెలియదు.

కనుక పంపుతాననీ అనలేను, పంపననీ అనలేను. ఆయన రాననడం లేదు. కోణాలుండవంటున్నారు, అంతే.

ముల్లంగులు ఎండాయి. రేపు ఊరగాయకి తవుడులో పెట్టాలి.

వదిన, ఫుసాయే


కగోషిమా
నవంబరు 24

వదినా,

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. బూడిదకి కోణాలుండవు అన్న దగ్గర పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పొద్దున్నే ఆ కోణాల్లేనిదాన్ని గుమ్మంలోంచి ఊడ్చి ఊడ్చి నడుం పట్టేసింది.

ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, ఊపిరితిత్తుల్లో మచ్చ ఉన్న మనిషి, గడ్డకట్టే షెడ్డులో నిలబడితే నువ్వు పక్కన నిలబడి వేలు అందిస్తున్నావా? వేలెందుకు అసలు? చిన్న దీపం పెడితే కరగదా? నువ్వు సాయం చెయ్యకపోతే ఆయనంతట ఆయనే మానేస్తాడు కదా. ఈ ముక్క ఇంతకంటే తియ్యగా ఎలా రాయాలో నాకు తెలియడం లేదు.

ఆ షెడ్డు సంగతి నాకు తెలియదనుకోకు. చిన్నప్పుడు నన్నూ నిలబెట్టేవాడు. ఒకసారి తుమ్మాను. మొత్తం పలక మీదవన్నీ పోయాయి. తిట్టలేదు. తిడితే బాగుండేది. "పర్లేదు, నీకు ఊపిరి ముఖ్యం" అన్నాడు. ఊపిరి ముఖ్యం కాకపోతే ఇంకేం ముఖ్యం అని ఇప్పుడు అడగాలనిపిస్తుంది.

ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకు. నాన్న ఇక్కడికి వచ్చేస్తే, పెద్ద కోడలు మామగార్ని దూరం పంపేసింది అని మీ వీధిలో అంటారని భయమా? ఆ భయమే అయితే నాకు చెప్పు. నేనే వచ్చి, నలుగురూ చూస్తుండగా దెబ్బలాడి తీసుకుపోతాను. తప్పు నా మీద వేసుకుంటాను. ఆడపడుచు గయ్యాళిదంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇక్కడ చిలగడదుంపలు బాగా వచ్చాయి. ఒక పెట్టె పంపాను. దారిలో గడ్డకట్టకుండా పాత పేపర్లలో చుట్టాను. అందగానే చూసుకో.

తమాయో


నయోరో
డిసెంబరు 9

తమాయోకి,

దుంపలు అందాయి. అడుగున ఉన్న కొన్నిటికి చలి తగిలింది. అవి ముందుగా ఉడకబెట్టాను. మామయ్యగారు ఇష్టంగా తిన్నారు. "ఆ ఊరు ఇందుకు పనికొస్తుంది" అన్నారు.

వీధిలో వాళ్ళు అంటారు. ఉన్నా అంటారు, పంపినా అంటారు. అది కారణం కాదు.

దీపం పెట్టి చూశారు. దీపానికి తొందర ఎక్కువట. అన్ని వైపుల నుంచీ ఒక్కసారే కరిగించేస్తుంది. వేలయితే ఒక పక్క నుంచి నెమ్మదిగా వెళుతుంది, వద్దనగానే ఆగుతుంది. నిన్న పొద్దున ఒకటి మంచిది దొరికింది. సగంలో ఉండగా నేను, "మామయ్యగారూ, అన్నం చల్లారిపోతోంది" అన్నాను.

"నిలబడి ఉన్నదాన్ని ఎవడైనా తీస్తాడు అమ్మాయ్. పోతున్నదాన్ని తియ్యాలి."

"అన్నంలో వేడి కూడా పోతున్నదే."

నవ్వబోయి నోరు మూసుకున్నారు. నవ్వితే ఊపిరి తగులుతుంది. అన్నట్టు, ఇదివరకటిలా ఊపిరి బిగబట్టడం ఇప్పుడు ఆయన వల్ల కావడం లేదు. అందుకని ముక్కూ నోరూ కప్పే ముసుగు ఒకటి కుట్టించి, దానికి గొట్టం తగిలించి వీపు వెనక్కి వదిలారు. గొట్టం ఎక్కడిదా అని చూస్తే మన వాషింగ్ మెషిన్‌ది. రెండు రోజులు బట్టలు చేత్తో ఉతికాను. కొత్తది కొన్నాం.

ఈ వారం ఆస్పత్రికి వెళ్ళవలసి వచ్చింది. వేలికి చలి కొట్టి తెల్లబడింది. పైతోలు లేస్తుందనీ, తడవనీయకూడదనీ చెప్పి మందు ఇచ్చారు. పెద్దదేమీ కాదు.

కొత్త సంవత్సరం కార్డులు కూడా అయిపోయాయి. ఎప్పుడూ ఆరు కొమ్మల మంచురేకు వేయించేవారు కదా, ఈసారి బొట్టు వేయించారు, మధ్యన ముక్క తేలుతున్నది. దాని పక్కన అచ్చులో ఒకే మాట: "ఈ ఏడాది ఇంతవరకు." శుభాకాంక్షలు అని ఉండాలేమో అన్నాను. బొమ్మ పాడవుతుందన్నారు. ముందే వేసేయమంటే మొన్న నేనే పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. ఆ పని కూడా ఒకటి తీరింది.

తవుడు తొట్టెల మీద రాళ్ళు పెట్టాను. కిరసనాయిలు బండి మంగళవారాలు వస్తోంది.

వదిన, ఫుసాయే


కగోషిమా
డిసెంబరు 18

ఫుసాయే వదినగారికి,

మీరు పంపిన కార్డు అందింది. నాన్న పోయాడనే అనుకున్నాను.

బూడిదరంగు కార్డు, చుట్టూ సన్నని బూడిదరంగు గీత, శుభాకాంక్షల మాట లేదు, "ఈ ఏడాది ఇంతవరకు" అని ఒక్క ముక్క. పైగా అందింది డిసెంబరులో. ఇంట్లో చావు జరిగినవాళ్ళు, ఈసారి మాకు పండగ లేదు అని చెప్పడానికి పంపే కార్డు ఎలా ఉంటుందో మీకు తెలియదా? కొత్త సంవత్సరం కార్డని పైన రాసి ఉంటే పోస్టువాళ్ళు ఒకటో తేదీ దాకా తమ దగ్గర ఉంచేవాళ్ళు. ఆ మాట లేదు కనుక వెంటనే పంచేశారు. అన్నీ చూసుకునే మనిషి మీరు. మీ చేత్తో మీరే డబ్బాలో వేశారు.

ఫోను చేశాను. ఎత్తింది నాన్న. నాకు ఏడుపు ఆగలేదు. "బిల్లు పెరుగుతుంది, పెట్టెయ్" అన్నాడు. మీరు మంచు తోస్తున్నారట.

కార్డు సంగతి పోనివ్వండి. ఆస్పత్రి మాట ఏమిటి? నాన్న వేలికి చలి కొడితే, "పెద్దదేమీ కాదు" అని వాషింగ్ మెషిన్ గొట్టం కింద ఒక వరుసలో రాసి పంపుతారా? ఆ వయసులో చలి కొట్టిన వేలు తీసేయాల్సి వస్తుందని ఇక్కడి డాక్టరు అంటున్నాడు. ఫోనులో ఆయన్ని అడిగితే, "నా వేళ్ళన్నీ ఉన్నాయి" అన్నాడు. అది ఆయన ఎప్పుడూ చెప్పే జవాబు.

ఇన్నాళ్ళూ పంపమని అడిగాను. ఇక అడగను. జనవరిలో నేనే వస్తాను. వచ్చి తీసుకుపోతాను.

తమాయో


నయోరో
డిసెంబరు 27

తమాయోకి,

నన్ను "మీరు" అని రాశావు. పెళ్ళయి నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలలో తప్ప నువ్వు ఎప్పుడూ అలా పిలవలేదు. అందుకని ఇల్లు దులిపే పని పక్కన పెట్టి ముందు ఈ ఉత్తరం రాస్తున్నాను.

కార్డు తప్పు నాదే. గీత బూడిదరంగులో వెయ్యనా అని అచ్చువాడు నన్ను అడిగాడు, సరే అన్నాను. ఆ రోజు ముల్లంగుల పని ఉంది. చూసి కూడా చూడలేదు.

నీ ఒక్కదానితో ఆగలేదు. సెండాయి పిన్నిగారి దగ్గర నుంచి, చావు ఇంటికి పంపే అగరొత్తుల పెట్టె వచ్చింది, మంచి రకం. తిప్పి పంపుదామంటే మామయ్యగారు ఒప్పుకోలేదు. "ఉంచు, ఆవిడకి మళ్ళీ ఖర్చెందుకు" అన్నారు. శనివారం కుమగాయి వచ్చాడు. గుర్తుందా, స్టూడియోలో పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు వాడికే బట్టతల. నల్ల సూటు, నల్ల టై వేసుకుని, మోకాళ్ళ లోతు మంచులో నడిచి వచ్చాడు. తలుపు తీసింది మామయ్యగారు.

"ఎవరు పోయారు?" అన్నారు.

కుమగాయి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీరే... అనుకున్నాం మాస్టారూ" అన్నాడు.

"నాకెవరూ చెప్పలేదే! సరే, చలిలో నిలబడకు, లోపలికి రా. నా గురించి ఏం మాట్లాడాలని వచ్చావో అది మాట్లాడు, వింటాను."

వాడు స్టవ్ పక్కన కూర్చుని ఏడుస్తూ నవ్వుతూ నిజంగానే మాట్లాడాడు. మామయ్యగారు మధ్య మధ్య, "అది నేను కాదు, నా తమ్ముడు" అని సరిదిద్దారు. వెళ్ళేటప్పుడు కుమగాయి నాతో, "ఆయన ఇంకా చాలా కాలం ఉంటారు వదినగారూ" అన్నాడు. అవునన్నాను.

ఇప్పుడు వేలు సంగతి. చలి కొట్టింది మామయ్యగారి వేలికి కాదు, నా వేలికి. అద్దం కింద పెట్టేది నాదే కదా, నీకు అర్థమవుతుందనుకుని పేరు రాయలేదు. ఇప్పుడు కుడిది కట్టు కట్టి ఎడమది వాడుతున్నాం. ఎడమది కొంచెం మొద్దు అంటున్నారు ఆయన. మామయ్యగారి వేళ్ళన్నీ బాగున్నాయి. కనుక కంగారు పడవలసింది లేదు.

నువ్వు రావడం మంచిదే. పరుపు ఎండలో వేయడం ఇక్కడ కుదరదు, స్టవ్ పక్కన పెట్టి వెచ్చబెడతాను.

వదిన, ఫుసాయే


కగోషిమా
1979 జనవరి 6

వదినా,

కంగారు పడవలసింది లేదు అని రాశావు. ఆ వాక్యం మా ఆయన రెండుసార్లు చదివి, "మీ వదిన వేలయితే కంగారు అక్కర్లేదటా?" అన్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేనూ అలాగే కదా ఊపిరి పీల్చుకున్నాను. నాన్నది కాదట, అమ్మయ్య అని. ఆ తరువాత కదా నీది అని తట్టింది.

ఇరవయ్యో తేదీకి వస్తున్నాను. మనసు మార్చుకోలేదు, నాన్న బట్టలు సర్దడానికి పెద్ద పెట్టె ఒకటి కొన్నాను. ఆయన రానంటే కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు మాత్రం ఈసారి ఎవరి వైపో ఒకవైపు మాట్లాడు.

కార్డు సంగతి మరిచిపో. మా పక్కింటావిడ దాన్ని చూసి, "చంద్రుడి బొమ్మా, బాగుంది" అంది.

తమాయో


కగోషిమా
ఫిబ్రవరి 2

తమాయోకి,

నీ ఇంట్లో, నీ బల్ల దగ్గర కూర్చుని, నీ ఊరి పేరు వేసి నీకే ఉత్తరం రాస్తున్నాను. ఇలా రాస్తానని పోయిన నెల ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు.

రైళ్ళు బాగానే నడిచాయి. ఓడలో కొంచెం కడుపులో తిప్పింది. మీ ఆయన ఇవావో స్టేషన్‌కు వచ్చాడు. పెట్టె చేతిలోంచి తీసుకుని, "ఇది మామగారి కోసం కొన్నది కదూ" అన్నాడు. అవునన్నాను. ఆ రోజు మామయ్యగారి కోసం తెచ్చిన పెట్టె తెరిచి, మా అలమార తీసి, నువ్వు నా బట్టలు అందులో సర్దుతుంటే నాకు నిజంగా ఏమీ అర్థం కాలేదు. నువ్వు వచ్చి రెండు రోజులు కూడా కాలేదు. ఆయన్ని ఒక్క మాట అడగలేదు. నా కట్టు విప్పి వేలు చూశావు, లేచి వెళ్ళి పెట్టె తెచ్చావు. "నాన్న రాడు. నువ్వు వెళ్ళు" అన్నావు. మీ అన్నయ్య తలుపు దగ్గర నిలబడి, "వెళ్ళొచ్చుగా" అన్నాడు. ఆయన అంతకంటే పొడుగు మాట ఈ మధ్య అనలేదు. మామయ్యగారు బయటికి రాలేదు, లోపలి నుంచే, "రైల్లో తలుపు పక్కన కూర్చోకు, గాలి" అన్నారు.

ఇక్కడ నేను చేస్తున్నది ఇది. తెల్లవారుతుంది. లేవాలని మెలకువ వస్తుంది. లేవడానికి కారణం దొరకదు. మళ్ళీ నిద్ర పడుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం దాకా పడుకున్నాను. ఇవావో భయపడి, తలుపు బయట నుంచి, "అక్కా, ఉన్నారా?" అని అడిగాడు. ఉన్నానన్నాను. "అన్నం ఎలా వండాలి?" అన్నాడు. ఒకసారి చూపించాను. మర్నాడు మళ్ళీ అడిగాడు. "నిన్న చూపించాను" అన్నాను. గట్టిగా అనాలనుకోలేదు, అలా వచ్చేసింది. ఇప్పుడు తనే వండుతున్నాడు. కొంచెం మెత్తగా వస్తోంది.

బూడిద పడ్డది. ఊడవలేదు. కిటికీలోంచి చూశాను.

నెలాఖరుకు బయలుదేరతాను. కిరసనాయిలు డబ్బాలు వెనక వరండాలో ఎడమ పక్కన ఉన్నాయి. తవుడు తొట్టెలో చెయ్యి పెట్టి కలపాలి, మరిచిపోకు.

వదిన, ఫుసాయే


నయోరో
ఫిబ్రవరి 11

వదినా,

నా వల్ల కాదు. నెలాఖరు దాకా ఆగకు, ఇరవైకల్లా వచ్చెయ్.

మొత్తం చెబుతాను విను. పొద్దున లేచి గుమ్మం ముందు మంచు తోస్తాను. తోసి లోపలికి వచ్చి స్టవ్ వెలిగించి మళ్ళీ చూస్తే గుమ్మం మూసుకుపోయి ఉంటుంది. అన్నయ్య డ్యూటీ దిగి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. నాన్న లేస్తాడు, ఆయనది వేరే వంట. అన్నయ్య లేస్తాడు, మళ్ళీ వేరే వంట. మధ్యలో ఆ తవుడు తొట్టె. చేతులు ఆ వాసన వదలడం లేదు. వీటన్నిటి మధ్యన షెడ్డు.

నన్ను చూడగానే నాన్న, "తుమ్మేదానివి కదూ" అన్నాడు. ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నాడు చూడు! తుమ్మనని ఒట్టేసి నిలబడ్డాను. వేలు పెట్టమన్నాడు, పెట్టాను. మంచురేకు టప్పున నీళ్ళయిపోయింది.

"అది వేలా, పొయ్యా?"

"దక్షిణాది వేలు నాన్నా."

"బయట మంచులో కాసేపు పెట్టి రా."

పెట్టి వచ్చాను. ఈసారి అసలు కరగలేదు. "ఇప్పుడు మరీ శవంలా ఉంది" అన్నాడు. ఒక్కోరోజు గంటసేపు ఇదే. వేడి ఎంత ఉండాలో నాకు ఎలా తెలుస్తుంది? "ఫుసాయేకి తెలుసు" అంటాడు. ఎలా తెలుసు అంటే, "తెలుసు" అంటాడు. అంతే. నిన్న ఒక్కటి మాత్రం కుదిరింది. కొమ్మలు లోపలికి పోయి, బొట్టు మధ్యలో గాజు ముక్కలాంటిది తిరిగింది. ఇన్నాళ్ళూ నేను ఫొటోల్లో చూసింది వేరు వదినా. అది కదులుతుంది. నేను నోరు తెరిచాను, ఊపిరి తగిలి పోయింది.  నాన్న గొట్టంలోంచి గురగురమని నవ్వు వినిపించింది.

అది సరే. నాకు కోపంగా ఉంది. ఈ పనంతా రోజూ నువ్వు చేస్తావని నాకెప్పుడైనా రాశావా? నీ ఉత్తరాలన్నిట్లో ముల్లంగులు ఎండాయి, డబ్బాలు ఎడమ పక్కన ఉన్నాయి, ఇవే. చదివితే ఎవరైనా ఏమనుకుంటారు? వదినకి ఇల్లు చక్కగా నడుస్తోంది, నాన్నని వదలడం ఇష్టం లేదు అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. ఒక్క మాట రాసి ఉంటే నవంబరులోనే వచ్చేదాన్ని కదా.

నాన్న నీ గురించి అడగడు. కానీ రెండుసార్లు నన్ను నీ పేరుతో పిలిచాడు.

తొందరగా రా.

తమాయో


కగోషిమా
ఫిబ్రవరి 17

తమాయోకి,

ఇరవైకి రాను. నెలాఖరుకు కూడా రాను. మార్చి పదికి వస్తాను. టికెట్టు మార్చుకున్నాను. నీకు కోపం వస్తుంది. రానీ.

ఒక్క మాట రాసి ఉంటే అన్నావు. నీ ఉత్తరం మడిచి పెట్టి, ఆ ఒక్క మాట ఏమిటా అని చాలాసేపు ఆలోచించాను. పని ఎక్కువని రాయవచ్చు, కానీ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మామయ్యగారు మొండివారని రాయవచ్చు, అది నీకు ముందే తెలుసు. వేలు నొప్పి అని రాయవచ్చు, అది మానిపోతోంది. నిన్న సాయంత్రం సముద్రం ఒడ్డు దాకా నడిచాను. ఒడ్డున ఒక ముసలాయన చిన్న నారింజలు అమ్ముతున్నాడు. "ఎక్కడి నుంచమ్మా?" అని అడిగాడు. నయోరో అన్నాను. "అబ్బో, అక్కడ చలికాలం అలసట కదా" అన్నాడు. ఊరికే అన్న మాట. నేను అక్కడే రాతి గట్టు మీద కూర్చుండిపోయాను. లేచేసరికి దీపాలు వెలిగించారు.

నేను అలిసిపోయాను, తమాయో.

మామయ్యగారి మీద కోపం లేదు. ఆ షెడ్డు అంటే అసహ్యమూ లేదు. నిజం చెప్పాలంటే రోజంతటిలో కదలకుండా నిలబడేది ఆ కాసేపే, ఆ మధ్య ముక్క తిరిగేటప్పుడు నాకూ బాగుంటుంది. అందుకే, ఆయన్ని తీసుకుపోతానని నువ్వు అంటే సరేననలేకపోయాను. వద్దని కూడా అనలేకపోయాను, ఎందుకంటే తీసుకుపోతే పడుకోవచ్చు అనిపించేది. ఈ రెండూ ఒకే ఉత్తరంలో రాయడం నాకు చేత కాలేదు. డబ్బాల సంగతి రాయడం చేతనవును.

ఆయన నేను ఎప్పుడు వస్తానని అడగరు. అయినా నువ్వు చెప్పు. పని ఉండి ఆగిపోయిందని చెప్పకు, ఓడలు లేవని చెప్పకు. వదిన అలిసిపోయింది, అందుకని రాలేదు అని చెప్పు. మీ ఇంట్లో ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు. అత్తయ్యగారు పోయేదాకా అనలేదు. మీ అన్నయ్య అనడు. నేను ఎదురుగా ఉంటే నేనూ అనలేను. ఇక్కడి నుంచి అంటున్నాను, నువ్వు అక్కడ బయటికి చదువు.

ఇవావో నేను ఇంకొన్నాళ్ళు ఉంటానంటే ఏమీ అనలేదు. చేప కాల్చడం కూడా నేర్చుకున్నాడు.

వదిన, ఫుసాయే


నయోరో
ఫిబ్రవరి 24

వదినా,

చెప్పాను. నీ ఉత్తరంలో ఉన్నట్టే చెప్పాను.

రాత్రి భోజనాలప్పుడు చెప్పాను, అన్నయ్య కూడా ఉన్నాడు. "వదిన మార్చి పదిదాకా రాదు. అలిసిపోయిందట" అన్నాను. నా గొంతు కొంచెం పైకి వెళ్ళింది, దెబ్బలాటకి సిద్ధపడి ఉన్నాను కదా. ఎవరూ దెబ్బలాడలేదు. అన్నయ్య చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. నాన్న సూపు తాగి గిన్నె పక్కన పెట్టి గదిలోకి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ మగవాళ్ళకి చెవులు దేనికి అనుకున్నాను.

మర్నాడు పొద్దున మంచి చలి, గాలి లేదు, పెద్ద పెద్ద రేకులు విడివిడిగా పడుతున్నాయి. నేను చేతి తొడుగు తీసి వేలు సిద్ధం చేసుకుంటుంటే నాన్న, "నువ్వు ఇటు రా" అని నన్ను కెమెరా వెనక నిలబెట్టాడు. తీగ చివరి బటన్ నా చేతికి ఇచ్చాడు. ముసుగు నా మొహానికి కట్టాడు. వాషింగ్ మెషిన్ వాసన ఇంకా వస్తోంది. ఆయన తన తొడుగు తీసి, అద్దం కిందికి తన బొటనవేలు పెట్టాడు.

"నేను చెప్పినప్పుడు నొక్కు."

నేను చూస్తూనే ఉన్నాను. ఆరు కొమ్మలు, ప్రతి కొమ్మకీ చిన్న చిన్న ఆకులు. ఎంతసేపటికీ ఏమీ కాలేదు వదినా. ఒక్క మొన కూడా గుండ్రబడలేదు. నాన్న వేలు ఇంకా గట్టిగా నొక్కాడు. అద్దం వణికింది గానీ రేకు అలాగే ఉంది. నేను, "నాన్నా, వేలు ఉందా?" అన్నాను. "ఉంది" అన్నాడు. ఇంకాసేపు ఉంచాడు. ఆ తరువాత తీసి, అరచేతిలో పెట్టుకుని దాని వంక చూసుకున్నాడు. చెంపకి ఆనించి చూసుకున్నాడు. నా చేయి అందుకుని నా వేలు కూడా అలాగే ఆనించి చూశాడు.

"రెండేళ్ళు ఫుసాయే వేలు" అన్నాడు. 

"నొక్కనా?" అన్నాను. "నిలబడి ఉన్నదాన్ని..." అని మొదలుపెట్టి, "నొక్కు" అన్నాడు. నొక్కాను. ఆ ఫొటో కడిగాక పంపుతాను. నేను తీసింది కనుక కొంచెం మసగ్గానే ఉంటుంది.

షెడ్డులోంచి వచ్చాక అన్నయ్యని లేపి గుమ్మం ముందు మంచు తోయించాడు. తను స్టవ్ దగ్గర కూర్చుని, తవుడు తొట్టె ఎలా కలపాలని నన్ను అడిగాడు. చలి తగలకుండా కూర్చుని చేసే పని కదా అన్నాడు. ఇప్పుడు ఇల్లంతటిలో ఆయన దగ్గరే ఆ వాసన.

నాన్నని తీసుకుపోయే మాట ఇక ఎత్తను. ప్రతి జనవరీ నేను వస్తాను, ఆ నెలలు నువ్వు మా ఇంట్లో ఉండు. మా ఆయనకి రాశాను, ఒప్పుకుంటాడు, లేకపోతే నువ్వే ఒప్పించు, నీ మాట బాగా వింటున్నాడట.

ఈ ఉత్తరం మూసేముందు నాన్న గదిలోకి వెళ్ళి అడిగాను. "వదిన మార్చి పదికి వస్తానంటోంది. అంతకుముందే రమ్మని రాయనా?"

కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకుని దీపం తీయబోయాను.

"తేదీ వెయ్యకు" అన్నాడు. "బడలిక తీరాక రమ్మను."

తమాయో